తోకకు బంతిపూల దండ

పొద్దున లాబొరేటరీలో అడుగుపెట్టగానే మునిలక్ష్మి చేసే మొదటి పని, భుజాన ఉన్న సంచి కూడా దించకుండా, అనలాగ్ కంప్యూటరు పక్కరేకు మీద వేళ్లు ఆనించి చూడటం. జ్వరం వచ్చిన పిల్ల నుదుటి మీద చేయి వేసినట్టు వేసేది. రేకు చల్లగా ఉంటే ఆ పూటకు ఆమె మనసూ చల్లగానే ఉండేది. గోరువెచ్చగా తగిలిందంటే సంతోషమ్మ అప్పుడే వచ్చి, మిషను వేసి, కాఫీకి పోయిందని అర్థం. చురుక్కుమందంటే ఇంక అడగనక్కర్లేదు. సంతోషమ్మ ఎప్పుడో వచ్చి సగం పని ముగించి ఉంటుంది. ఆ రోజంతా మునిలక్ష్మి ఎవరు పలకరించినా ముక్తసరిగా జవాబు చెప్పేది.

ఆ మిషను బీరువా అంత ఉండేది. ముందు పలక నిండా రంధ్రాలు, ఆ రంధ్రాల్లో రంగురంగుల వైర్లు. వేసిన వెంటనే పనిచేసేది కాదు, వేడెక్కడానికి టైము పట్టేది. దానికి ఒక విమానం తాలూకు లెక్కలన్నీ వైర్ల రూపంలో అప్పజెబితే, ఆ విమానం గాలిలో ఎలా ఊగుతుందో కాగితం మీద పెన్నుతో గీసి చూపించేది. తిరుపతిలోని ఆ ఇంజనీరింగ్ కాలేజీలో అంతకన్నా ఖరీదైన వస్తువు మరొకటి లేదు. దాని గదికి తాళంచెవులు మూడు. ఒకటి ప్రొఫెసర్ సుందరరాజు గారి దగ్గర, ఒకటి మునిలక్ష్మి దగ్గర, ఒకటి సంతోషమ్మ దగ్గర. మొదట రెండే ఉండేవి. మూడోది చేయించిన రోజు మునిలక్ష్మికి ఇప్పటికీ గుర్తు.

మునిలక్ష్మిది పలమనేరు దగ్గర పల్లె. ఇంట్లో ఆవులు, కొంచెం చేను. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, యూనివర్సిటీలో మెడల్ తెచ్చుకుని, ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది సుందరరాజు గారి దగ్గర పరిశోధన సహాయకురాలిగా చేరింది. పని బెంగళూరు నుంచి వచ్చింది. అదొక యుద్ధవిమానం. దానికి పేరుండేది కాదు, కాగితాల్లో ఒక అక్షరమే. బాగా ఎత్తున, వేగంగా పోయేటప్పుడు దాని తోక అటూ ఇటూ కొట్టుకునేది. తోక ఒక పక్కకు పోతే ఒక రెక్క కిందికి ఒరిగేది, తోక రెండో పక్కకు వస్తే రెండో రెక్క ఒరిగేది. పడిపోదు కానీ కుదురుగా ఉండదు. అలా ఊగుతున్న విమానం నుంచి పైలట్ దేనికీ గురి పెట్టలేడు.

దీనికి మందు తోకలోనే ఉంది. తోక మీద నిటారుగా నిలబడే పలక వెనక అంచున తలుపులాగా కదిలే భాగం ఒకటుంటుంది. దాన్ని రడ్డర్ అంటారు. ముక్కు కుడికి జరగబోతే రడ్డర్ ఎడమకు తిరగాలి, ముక్కు ఎడమకు జరగబోతే కుడికి తిరగాలి. అప్పుడు ఊగుడు పుట్టినచోటే అణిగిపోతుంది. పైలట్ కాలికి అంత చురుకు ఉండదు. అందుకని ఆ ఊగుడును కనిపెట్టే గైరో ఒకటి, దాని మాట విని రడ్డర్‌ను తిప్పే పెట్టె ఒకటి కావాలి. ఎంత ఊగితే ఎంత తిప్పాలి, ఎంత త్వరగా తిప్పాలి అన్నది మునిలక్ష్మి లెక్క. నాలుగేళ్లు అదే లెక్క. చేతితో తిప్పే కాలిక్యులేటరు పిడి పట్టుకుని పట్టుకుని ఆమె కుడి బొటనవేలి పక్కన కాయ కాచింది.

సంతోషమ్మ మూడో ఏడు వచ్చింది. చిత్తూరు పిల్ల. తండ్రి మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరింగ్ చదివిన ఆడపిల్లను ఆ రోజుల్లో మనుషులు ఆగి చూసేవాళ్లు. సంతోషమ్మ కూడా ఆగి వాళ్లను చూసి నవ్వేది. ఆ నవ్వుతోనే వచ్చింది చిక్కంతా. నాలుగేళ్లలో ప్రొఫెసర్ గారు మునిలక్ష్మిని "మిస్ మునిలక్ష్మి" అని తప్ప పిలవలేదు. వచ్చిన వారానికే సంతోషమ్మను "అమ్మాయ్" అన్నారు. అటెండరు గురప్ప టీ తెస్తే గ్లాసు ముందు మునిలక్ష్మి బల్ల మీదే పెట్టేవాడు, పెద్దామె కాబట్టి. కానీ సంతోషమ్మ దగ్గర నిలబడి, ఆమె తాగేదాకా కబుర్లు చెప్పేవాడు. మునిలక్ష్మి టీ అంటే గురప్పకు మర్యాద, సంతోషమ్మ టీ అంటే సరదా. ఈ తేడా కనిపెట్టడానికి గైరో అక్కర్లేదు.

అయినా అవన్నీ ఓర్చుకునేదే. ఓర్చుకోలేనిది ఆ కెపాసిటర్.

పెట్టెతో ఒక చిక్కుండేది. ఊగుడేదో, పైలట్ కావాలని తిప్పిన మలుపేదో దానికి తెలియదు. పైలట్ కుడికి తిరుగుదామంటే, ఇదీ ఊగుడే అనుకుని రడ్డర్‌ను ఎడమకు పట్టి లాగేది. ఈ ముడి విప్పడానికి మునిలక్ష్మి ఒక వానాకాలమంతా సమీకరణాలు రాసింది. సంతోషమ్మ ఒక మధ్యాహ్నం అన్నం తిని వచ్చి, చేయి తుడుచుకుంటూ ఆ కాగితాలు చూసి, సొరుగులోంచి బొటనవేలంత కెపాసిటర్ ఒకటి తీసి గైరోకూ పెట్టెకూ మధ్యలో కట్టింది.

"ఎంతసేపని పట్టుకోనుంటాదక్కా? ఊగుడైతే గబగబా వస్తా పోతా ఉంటాది, దాన్ని పట్టుకుంటాది. మలుపైతే అట్లనే నిలబడుంటాది. కాసేపు చూసి మరిచిపోతాది. ఇది ఉండేదే మరిచిపోయేదానికి."

మిషను వేసి చూశారు. పెన్ను గీసిన గీత చక్కగా వచ్చింది. సుందరరాజు గారు కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, "అమ్మాయ్, భలే!" అన్నారు. మునిలక్ష్మి కూడా "బాగుంది" అంది. అని, తన బల్ల దగ్గరికి పోయి, ఆ వానాకాలం కాగితాలన్నీ మడిచి పెట్టుకుంది. అందులో నాలుగో పేజీ దగ్గర తానూ అదే దారిలో ఉంది. ఇంకో నెల ఉంటే తనకూ అందేది. ఈ మాట ఎవరికి చెప్పినా పళ్లు కొరికినట్టే వినపడుతుందని చెప్పలేదు.

దసరాకు ముందు బెంగళూరు నుంచి కబురు వచ్చింది. పండగ అయిన వెంటనే అక్కడి పెద్ద ఇంజనీరు దొరస్వామి వచ్చి పెట్టె పనితీరు చూస్తాడు. నచ్చితే దాన్ని విమానంలో బిగిస్తారు. బిగించేటప్పుడు తిరుపతి నుంచి ఒకరు వెళ్లి, అక్కడే కొన్ని నెలలు విమానం దగ్గర పనిచేయాలి. ఒక్కరే.

"ఎవరు పోయేదీ ఆయనే తేలుస్తాడు. ఇద్దరూ నాకు రెండు కళ్లు," అన్నారు ప్రొఫెసర్ గారు, ఎవరి వంకా చూడకుండా.

మునిలక్ష్మి ఆ విమానాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఫోటో కూడా పంపలేదు, రహస్యమన్నారు. దాని రెక్క పొడవు, బరువు, ఏ ఎత్తులో ఎంత ఊగుతుందీ అన్నీ కంఠస్థం. కానీ అది ఏ రంగులో ఉంటుందో, తోక ఆమె తలకన్నా ఎంత ఎత్తుంటుందో తెలియదు. ఒక్కసారి దాని పక్కన నిలబడి ఆ తోక మీద చేయి వేయాలి. నాలుగేళ్లుగా ఆమెకున్న కోరిక ఇంతే. జీతం పెంచమని ఎప్పుడూ అడగలేదు, దీన్ని మాత్రం లోలోపల ప్రతిరోజూ అడుగుతూనే ఉంది.

పండగ సెలవుల్లో ఇంటికి పోతే పాల సొసైటీ దగ్గర చిన్నబ్బ పట్టుకున్నాడు. వరసకు మామ. ఆమె నాయన మునస్వామి క్యాను దించుతుంటే అందరికీ వినపడేట్టు అడిగాడు.

"ఏం మే మునిలచ్మీ, యారోప్లేను పని ఇంకా అయిపోలేదా?"

"జరుగుతా ఉంది మామా."

"ఎంత పెద్దదుంటాది? మా గడ్డివామి అంతుంటాదా?"

"నేను చూడలేదు మామా."

"సూడలేదా! సూడకుండానే దానికి మందు సేస్తా ఉండావా? మా గొడ్ల డాక్టరే మేలప్పా, తోకన్నా ఎత్తి సూస్తాడు!"

సొసైటీ అంతా నవ్వింది. మునస్వామి క్యాను మూత గట్టిగా కొట్టి, "మా పాప సూసేరోజు నిన్నూ తోలుకపోతుందిలేరా. తోకకాడ నిలబెడతాం," అన్నాడు. దారిలో కూతురి వంక చూడకుండా, "సూపిస్తారా పాపా?" అని మెల్లగా అడిగాడు.

"చూపిస్తారు నాయనా. దసరా పోయినాక," అంది మునిలక్ష్మి. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఇక వెనక్కి తీసుకోవడం కుదరదని ఆమెకు తెలుసు.

సంతోషమ్మ ఇంకా చిత్తూరులోనే ఉంటుందని, పండగ అయీ కాకముందే మునిలక్ష్మి తిరుపతి వచ్చేసింది. లాబొరేటరీ తలుపు తీస్తే సాంబ్రాణి వాసన. ఆయుధపూజ చేసి ఉన్నారు. మిషనుకు పసుపు, కుంకుమ, కాలిక్యులేటరు పిడికి కూడా కుంకుమ. గది మధ్యలో ఉన్న తోకబల్లకు మాత్రం పెళ్లికూతురికి చేసినట్టు చేశారు.

తోకబల్ల అంటే వాళ్లు ప్రయోగాలకు తయారుచేసుకున్నది. గుండ్రంగా తిరిగే బల్ల, దాని మీద గైరో, నిటారుగా ప్లైవుడ్డు తోక, తోక వెనక అంచున మడతబందులతో కదిలే చిన్న రడ్డర్. ముక్కూ లేదు, రెక్కలూ లేవు. రడ్డర్ ఎటు కదిలిందో దూరానికి కనపడాలని దాని నెత్తిన చీపురుపుల్లకు ఎర్రకాగితం అతికించి జెండాలా నిలబెట్టారు. ఇప్పుడు ఆ ప్లైవుడ్డు ఏ కొన ఏదో తెలియకుండా బంతిపూల దండ చుట్టలు చుట్టలుగా చుట్టి ఉంది. పూలపైన ఎర్రజెండా ఒక్కటే కనబడుతోంది.

మునిలక్ష్మి పెట్టెకు కరెంటు ఇచ్చి, ఊరికే అలవాటు కొద్దీ బల్లను చేత్తో కుడికి తిప్పింది. విమానం ఎటు తిరుగుతోందో చూపే, ముందున్న మీటరులో ముల్లు కుడి వైపు కదిలింది. ఎర్రజెండా కూడా కుడికే కదిలింది.

ఆమె చేయి ఆగిపోయింది. మళ్లీ తిప్పింది. ముల్లు కుడికి, జెండా కుడికి. ఎడమకు తిప్పింది. ముల్లు ఎడమకు, జెండా ఎడమకు.

ఊగుడుకు ఎదురు పోవాల్సిన రడ్డర్ ఊగుడుతో కలిసిపోతోంది. పెట్టె ఇలాగే విమానంలోకి పోతే ఊగుడు అణగదు, పెరుగుతుంది. సంతోషమ్మ ఊరికి పోయేముందు కనెక్టరు విప్పి కొత్తగా టంకం వేసింది. రెండు వైర్లు అటుది ఇటు, ఇటుది అటు కట్టేసింది. అంతే. నవ్వుతూ, గురప్పతో కబుర్లు చెబుతూ కట్టి ఉంటుంది.

మునిలక్ష్మి కుర్చీలో కూర్చుంది. మెల్లగా ఒంట్లోకి ఏదో తియ్యగా దిగింది. కాలేజీలో మెడల్ ఇచ్చిన రోజు కూడా అంత తియ్యగా లేదు. పెద్ద మిషను వేసి చూసి ఉంటే నిజమేదో అప్పుడే తేలిపోయేది. చేయి స్విచ్చు దాకా పోయింది కూడా. కానీ వేయలేదు. ఒకవేళ సరిగ్గా పనిచేస్తే? ఆ "ఒకవేళ" ఆమెకు వద్దు. పెట్టె ఆపేసి, తలుపుకు తాళం వేసి, మెస్సుకు పోయి రెండోసారి చారు పోయించుకుని మరీ తిన్నది.

సాయంత్రం సంతోషమ్మ చిత్తూరు బస్సు దిగి నేరుగా ఆమె గదికే వచ్చింది. చేతిలో డబ్బా.

"అక్కా, అమ్మ మురుకులు పంపించింది. నీకు ఎక్కువ, సార్‌కు తక్కువ, గురప్పకు మిగిలిందంతా. తిను."

మునిలక్ష్మి తిన్నది.

"ల్యాబుకు పోయినావా అక్కా? అంతా సరిగ్గా ఉందా?"

"పూజ చేసినారు. పూలు వేసినారు," అంది మునిలక్ష్మి. అందులో అబద్ధమేమీ లేదు.

మరుసటి రోజు పొద్దున దొరస్వామి వచ్చాడు. లావుపాటి మనిషి. సొంత ఊరు పుత్తూరు పక్కన కాబట్టి బెంగళూరు పోయినా మాట మారలేదు. తోకబల్లను చూసి, "ఏమప్పా ప్రొఫెసరూ, దీనికి సీమంతం చేసినారా?" అని నవ్వాడు. దండ తీసేద్దామని సంతోషమ్మ చేయి చాపితే తలుపు దగ్గరున్న గురప్ప, "వాడిపోయేదాకా తీయకూడదమ్మా," అన్నాడు. అందరూ బల్ల ముందు, మీటరు దగ్గర నిలబడ్డారు. సంతోషమ్మ పెద్ద మిషను వేసి, అది వేడెక్కాక, ఊగుడు మొదలుపెట్టే బటన్ మీద వేలు పెట్టింది. బటన్ నొక్కితే మిషనే బల్లను నిజం విమానంలాగా ఊపుతుంది, పెట్టె దాన్ని ఆపాలి.

"ఒక్క నిమిషం సార్," అంది మునిలక్ష్మి.

ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినపడింది. నలుగురిలో నోరు తెరిచే మనిషి కాదు.

"బటన్ నొక్కకముందు ఇది చూడండి," అని బల్లను చేత్తో కుడికి తిప్పింది. ముల్లు కుడికి, జెండా కుడికి. "రడ్డర్ ఎదురు పోవాల. కలిసి పోతా ఉంది. వైర్లు తిరగబడినాయి."

సుందరరాజు గారు ముందుకు వంగి తానే ఒకసారి తిప్పి చూశారు. దొరస్వామి కూడా చూశాడు. ఇద్దరి కళ్లకూ అదే కనబడింది. సంతోషమ్మ మొహంలో రక్తం లేదు.

"పోయిన వారం సరిగ్గానే ఉండె సార్... కనెక్టరు మళ్లీ కట్టినాను. నేనే తిరగేసినానేమో."

వాదించలేదు. సాకు చెప్పలేదు. టంకం కడ్డీ వేడి చేసి, రెండు వైర్లు ఊడదీసి, మార్చి అతికించింది. మొదటి వైరు రెండుసార్లు జారిపోవడం మునిలక్ష్మి చూసింది. ఆ తడబాటు చూడటానికే తాను ఇన్నాళ్లు బతికినట్టు అనిపించింది. వెంటనే ఆ ఆలోచనకు తానే ఉలిక్కిపడింది.

సంతోషమ్మ బటన్ నొక్కింది.

బల్ల ఒకసారి అటు తిరిగింది, ఇటు తిరిగింది. తర్వాత ఇంకొంచెం ఎక్కువ అటు, ఇంకా ఎక్కువ ఇటు. పూనకం వచ్చినదానిలా ఊగసాగింది. దండ తెగింది. బంతిరేకులు దొరస్వామి బట్టతల మీదా, ప్రొఫెసర్ గారి కళ్లజోడు మీదా, మీటరు మీదా పడుతున్నాయి. కాగితం మీద పెన్ను ఈ అంచు నుంచి ఆ అంచుకు కొట్టుకుని కాగితాన్నే చించింది. గురప్ప తలుపు దగ్గర్నుంచి "గోవిందా!" అని అరిచాడు. సుందరరాజు గారు ప్లగ్గు పీకేశారు.

దొరస్వామి తల మీది రేకులు దులుపుకున్నాడు. నవ్వడం లేదు.

"వైర్లు సరిచేసినాక కూడా ఇట్లా పెరుగుతా ఉంటే తప్పు వైర్లలో లేదు. అడుగున లెక్కలోనే ఎక్కడో ఉండాది. ఈ లెక్క ఎవరిది?"

"నాది," అంది మునిలక్ష్మి.

"నాలుగేండ్లది మొత్తం మళ్లీ చూడాలమ్మా అయితే."

తన లెక్క! ఒక్కొక్క అంకె మూడు దారుల్లో తెచ్చి సరిపోల్చిన లెక్క. చిరిగిన కాగితం అందుకుందామని విసురుగా బల్ల అవతలి వైపుకు, గోడకూ బల్లకూ మధ్య సందులోకి పోయింది. దండ ఊడిపోయిన ప్లైవుడ్డు ఎదురుగా కనబడింది. దాని మడతబందులు ఆమె వైపున్నాయి. రడ్డర్ ఆమె వైపుంది. గోడ వైపు!

నాలుగేళ్లుగా తోక వాళ్ల వైపు ఉండేది. పైలట్ ఎటు చూస్తాడో వాళ్లూ అటే చూస్తూ, వెనక నిలబడి చూసేవాళ్లు. ఇప్పుడు బల్ల మొత్తం తిరిగి ఉంది. మీటరులో కుడి అంటే విమానానికి కుడి. జెండా కుడి మాత్రం ఎదురుగా నిలబడ్డ తన కుడి. అది విమానానికి ఎడమ. వైర్లు మొదట్నుంచీ సరిగ్గానే ఉన్నాయి.

ఈ సంగతి ఆ గదిలో ఇంకెవరికీ తట్టలేదు. సంతోషమ్మ టంకం కడ్డీ చేత పట్టుకుని తల దించుకుని నిలబడి ఉంది. ఊరుకుంటే తప్పు ఏదో ఒక రోజు బయటపడుతుంది, కానీ ఈ రోజు కాదు. దొరస్వామి పోయాక. ఊరుకుంటే మాత్రం తన లెక్క తప్పన్న మాటతో ఆయన బస్సెక్కుతాడు. సంతోషమ్మ మీద జాలి తలిచి ఆమె నోరు తెరిచిందని చెబితే అది నిజం కాదు. ఆ లెక్కను ఎవరో వేలెత్తి చూపడం ఆమె ఓర్చుకోలేకపోయింది.

"లెక్క సరిగ్గానే ఉంది సార్. నేను నిలబడిన చోటు తప్పు," అంది. "బల్లను ఎవరో తిప్పి పెట్టినారు. తోక గోడ పక్కకుంది."

అందరూ గురప్ప వైపు తిరిగారు.

"నేనే తిప్పితి సామీ," అన్నాడు గురప్ప, ఇందులో అడగడానికేముందన్నట్టు. "ఎప్పుడు సూసినా ఎనకతట్టు మన పక్కకు పెట్టుకోని ఉంటారు. పూజ నాడు ఎనకతట్టుకు ఎవురన్నా హారతి ఇస్తారా? మొగము ఇట్టా తిప్పి పెట్టి టెంకాయ కొట్టినాం. సారే గదా కొట్టింది!"

సుందరరాజు గారు నేల చూపులు చూశారు. దొరస్వామి కుర్చీలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. "సరిపోయింది పో! స్వామి మొగం మన తట్టు ఉండాల్సిందే!" ఆయన నవ్వుతుండగానే సంతోషమ్మ వైర్లు మళ్లీ మార్చింది. బటన్ నొక్కితే బల్ల ఒకసారి అటు, ఒకసారి ఇటు కదిలి, అలిసిపోయినట్టు నిలబడింది. కాగితం మీద గీత తిన్నగా సాగింది.

టీ తాగుతూ ఆయన తేల్చేశాడు. "ఆ పాప వస్తుందయ్యా బెంగళూరుకు. తప్పు నీదంటే నాది కాదనకుండా కడ్డీ పట్టుకునింది చూడు, అట్లాంటి మనిషి కావాల మాకు." తర్వాత మునిలక్ష్మి వైపు తిరిగి, "నీ లెక్కలో తప్పు లేదమ్మా. కానీ నాలుగేండ్లు దీని దగ్గర ఉన్నదానివి నువ్వే ఎదురు నిలబడి మోసపోతే, మా మెకానిక్కులు మోసపోరా? బిగించినాక ఎట్లా సరిచూసుకోవాలో ఒక కాగితం రాసియ్యి, ఎక్కడ నిలబడాలో కూడా చెప్పు," అన్నాడు.

ఆమె రాసింది. "తోక వెనక నిలబడి, పైలట్ చూసే దిక్కుకే చూస్తూ సరిచూడవలెను" అన్నది మొదటి వాక్యం.

దొరస్వామిని బస్సెక్కించి వచ్చాక వరండాలో సంతోషమ్మ ఆమె పక్కకు వచ్చి నిలబడింది.

"నేనైనా అట్లనే అనుకుండేదాన్ని అక్కా."

"అనుకుండవు. నువ్వు మిషను వేసి చూసుంటావు."

సంతోషమ్మ నెమ్మదిగా అడిగింది.

"నిన్ననే చూసినావా అక్కా?"

"ఊ."

"మురుకులు తినేటప్పటికే?"

"అప్పటికే."

"అయితే అవి ఎట్లుండాయో నీకు తెలిసుండదు," అంది సంతోషమ్మ. "ఇంకోసారి తెస్తాలే."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే మునిలక్ష్మి కూడా తిట్టి, ఇద్దరూ సమానమై ఉండేవాళ్లు. ఆ మంచితనం ఉంది చూశారూ, అది ఆమెను ఎన్నో ఏళ్లు పొడిచింది. కెపాసిటర్ కంటే ఎక్కువ పొడిచింది.

వేసవిలో సంతోషమ్మ సెలవు మీద వచ్చింది. మునిలక్ష్మి పరీక్ష పేపర్లు దిద్దుతూ, తల ఎత్తకుండా విన్నది. విమానం రంగు వెండిలా మెరవదట, బూడిదరంగట. ఎండకు ఒళ్లు కాలుతుందట. కిరోసిను వాసనట. తోక అందుకోవాలంటే నిచ్చెన వేసుకోవాల్సిందేనట. మొదటిసారి పెట్టె వేసి ఎగిరివచ్చిన పైలట్ దిగీ దిగగానే, "ఎవరో వెనక నుంచి తోక పట్టుకున్నట్టుంది," అన్నాడట.

"నీ కాగితం విమానంలో పెట్టె ఉండే అర తలుపుకు లోపలి పక్క అతికించినారక్కా. పేరుతో సహా."

మునిలక్ష్మి ఎర్రసిరాతో ఎవరికో సున్నా వేసింది. తర్వాత చూసుకుంటే ఆ జవాబు సరైనదే. సున్నా పక్కన మార్కులు వేసి సంతకం పెట్టింది.

ఊళ్లో నాయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పాల సొసైటీలో చిన్నబ్బ మాత్రం ఎత్తాడు. "రహస్యం మామా, చెప్పకూడదు," అందామె. అప్పట్నుంచి పల్లెలో ఆమెకు గౌరవం పెరిగింది. ఆ గౌరవం తనది కాదని ఆమె మనసుకు తెలుసు కాబట్టి సొసైటీ వైపు పోవడమే తగ్గించింది.

మూడేళ్ల తర్వాత సంతోషమ్మ స్వయంగా తిరుపతి వచ్చింది. అప్పటికి బెంగళూరులోనే ఉద్యోగం స్థిరమైంది, పెళ్లయింది, చంకలో ఆడపిల్ల. కొత్త విమానం పని మొదలవుతోందట, దానికీ ఇలాంటి పెట్టే కావాలట.

"లెక్కలకు మనిషి కావాలంటే నీ పేరే చెప్పినానక్కా. సార్లందరూ ఒప్పుకున్నారు. రోజూ విమానం పక్కనే పని. నువ్వు ఊ అంటే చాలు."

మునిలక్ష్మి పిల్లను ఎత్తుకుని ఆడించింది. బూడిదరంగు, కిరోసిను వాసన, నిచ్చెన.

"ఎవరి కింద?" అంది.

"కింద ఏముందిలేక్కా. నా సెక్షనే."

పిల్ల మునిలక్ష్మి మెడలోని గొలుసు పట్టుకుని లాగుతోంది. ఆ చిన్న వేళ్లు ఒక్కొక్కటే విడిపించి పిల్లను తల్లికి ఇచ్చేసింది.

"నాయనకు ఒంట్లో బాగాలేదు. ఈడ వదిలి రాలేను," అంది.

"నాయన బాగానే ఉండాడు గదక్కా? నిన్న పలమనేరులో బస్సు దిగి, మీ పల్లెకు పోయి పలకరించి వచ్చినాను. పాలు కూడా ఇచ్చినాడు పాపకు."

సంతోషమ్మ చంకలో పిల్లను సర్దుకుని, మెట్లు దిగేముందు ఒకసారి వెనక్కి తిరిగి, "మురుకులు టేబుల్ మీద పెట్టినానక్కా," అంది.

ఇప్పుడు మునిలక్ష్మి తిరుపతిలో ఆ కాలేజీలోనే రీడరు. రెండో సంవత్సరం ఇంజనీరింగ్ పిల్లలకు లెక్కలు చెబుతుంది. ఆ తోక మీద మాత్రం ఇంతవరకూ చేయి వేయలేదు.